ఎన్నికల వేళ సంఘంగా వాక్యం చదవడం: న్యాయాధిపతులు తొమ్మిదో అధ్యాయంతో నాలుగు సాయంత్రాలు

ఎన్నికల తేదీ వెలువడగానే మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లోని క్రైస్తవ సంఘాలలో సాధారణంగా రెండింటిలో ఒకటి జరుగుతుంది. కొన్ని సంఘాలలో రాజకీయం అనే మాటే మందిరం గడప దాటి లోపలికి రాదు; ఆత్మసంబంధమైన సంగతులు మాత్రమే మాట్లాడుకుందామని పెద్దలు అంటారు, ఓట్ల సంగతి ఆరాధన ముగిశాక బయట చెట్టు కింద తేలుతుంది. మరికొన్ని సంఘాలలో అభ్యర్థి ఆదివారం నాడు అనుచరులతో వచ్చి ముందు వరుసలో కూర్చుంటాడు, శాలువా కప్పించుకుంటాడు, ప్రహరీ గోడకో బోరుబావికో మాట ఇచ్చి వెళ్తాడు. ఈ రెండు చోట్లా జరగని పని ఒకటి ఉంది. వాక్యాన్ని తెరిచి, మన ఊరిని దాని ముందు నిలబెట్టి, అది మనలను ఏమి అడుగుతున్నదో ఓపికగా వినడం జరగదు. ఆ పనికి పూనుకోదలచిన సంఘపెద్దలకు, యవ్వనస్థుల కూటం నడిపేవారికి, స్త్రీల సమాజం నాయకురాళ్లకు ఉపయోగపడాలని ఈ విధానాన్ని వివరంగా రాస్తున్నాను.

ఇందుకు నేను బైబిలు పాత నిబంధనలోని న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయాన్ని సూచిస్తాను. ఒకే వచనం పట్టుకుని రాజకీయం మాట్లాడే అలవాటు మనలో బలంగా ఉంది. అధికారంలో ఉన్నవారు మనకు నచ్చినవారైతే పై అధికారులకు లోబడాలన్న రోమా పత్రిక 13వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. నచ్చనివారైతే మనుష్యులకు కాదు దేవునికే లోబడాలన్న అపొస్తలుల మాట గుర్తుకు వస్తుంది. రెండూ వాక్యమే, కాని రెండింటినీ మనం ముందుగానే తీసుకున్న నిర్ణయానికి సాక్షులుగా పిలుస్తున్నాము. పూర్తి అధ్యాయంగా సాగే కథకు ఈ ఇబ్బంది తక్కువ. కథలో మనకు నచ్చిన చోట ఆగిపోవడం కుదరదు, ముగింపు వరకు పోవలసి వస్తుంది, ఆ దారిలో మన ముఖం కూడా ఎక్కడో ఒకచోట కనబడుతుంది. పైగా ఈ అధ్యాయంలో కులబంధం పేరిట ఓటు అడగడం, గుడి సొమ్ముతో మనుషులను కొనడం, ఎన్నుకున్నవాడి చేతిలో ఎన్నుకున్నవారే కాలిపోవడం ఒక్క వరుసలో ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు

నామినేషన్ల ఘట్టం ముగియకముందే ఈ కూటాలు మొదలుకావాలి. ప్రచారం వేడెక్కాక ఎవరు ఏ ప్రశ్న అడిగినా అది ఏదో ఒక పార్టీ ప్రశ్నగానే వినబడుతుంది. వారానికి ఒక సాయంత్రం చొప్పున నాలుగు వారాలు సరిపోతాయి. మన ప్రాంతంలో 2023 శాసనసభ ఎన్నికలు నవంబరు 30న జరిగాయి, అంటే పత్తి ఏరే రోజుల నడుమ వచ్చాయి. అలాంటి కాలంలో కూలికి పోయిన ఆడవారు ఇంటికి వచ్చి, వంట ముగించి, పిల్లలకు అన్నం పెట్టేసరికి ఎనిమిది దాటుతుంది కనుక వారికి వీలైన వేళనే కూటం పెట్టాలి. ఈ అధ్యయనంలో వారు లేకపోతే సగం సత్యం బయటికి రాదని గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఓటుకు ఇచ్చే నోటు ఇంటి గడపలోకి ఎలా వస్తుందో అందరికంటే వారికే బాగా తెలుసు.

చట్టం సంగతి పెద్దలకు ముందే తెలిసి ఉండాలి. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం 1988 ప్రకారం ప్రార్థనాస్థలాన్ని, దాని నిధులను రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదు. దీనిని మీరితే ఐదేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 123(3) సెక్షను మతం, కులం పేరిట ఓట్లడగడాన్ని అవినీతి చర్యగా పేర్కొంటుంది. 2017 జనవరి 2న ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపుగా ఇచ్చిన తీర్పులో, అభ్యర్థి మతమే కాక ఓటరు మతం పేరిట అడగడం కూడా దీని కిందికి వస్తుందని చెప్పింది. మందిరాలను, మసీదులను, చర్చీలను ప్రచారవేదికలుగా వాడరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా స్పష్టంగా చెబుతుంది. కనుక ఈ నాలుగు సాయంత్రాలలో ఏ అభ్యర్థి పేరూ ఏ పార్టీ గుర్తూ పలకకూడదన్నది మొదటి నియమం. చట్టానికి భయపడి మాత్రమే పెట్టుకునే నియమం కాదిది. పేరు పలికిన క్షణంలోనే వినేవారు ఇటువారు అటువారుగా చీలిపోతారు, ఆ తరువాత వాక్యం ఎవరికీ వినబడదు.

నడిపించేవారు ఒక్కరే ఉండకూడదు. పాస్టరు అయ్యగారు ఉంటే మంచిదే, కాని ఆయన ఆఖరున మాట్లాడితే ఇంకా మంచిది. మన సంఘాలలో అయ్యగారు ముందుగా అర్థం చెప్పేస్తే తక్కినవారు అవునని తలలూపి ఊరుకుంటారు.

మొదటి సాయంత్రం: వినడం

తొమ్మిదో అధ్యాయాన్ని తెరిచే ముందు ఎనిమిదో అధ్యాయం 22వ వచనం నుండి చివరి వరకు చదవాలి. మిద్యానీయుల చేతి నుండి విడిపించిన గిద్యోనును ప్రజలు ఏలుమని అడుగుతారు. నేను ఏలను, నా కుమారుడూ ఏలడు, యెహోవాయే మిమ్మును ఏలునని ఆయన జవాబిస్తాడు. ఎంత గొప్ప మాట! అయితే ఆ వెంటనే ఆయన వారి చెవిపోగులు అడిగి, 1,700 తులముల బంగారంతో ఏఫోదు, అంటే యాజకులు ధరించే వస్త్రం వంటిది, చేయించి తన ఊరైన ఒఫ్రాలో ఉంచుతాడు, ఇశ్రాయేలీయులందరూ దానికి మొక్కి చెడిపోతారు. ఆయనకు 70 మంది కుమారులు. షెకెము పట్టణంలోని ఉపపత్నికి పుట్టినవానికి అబీమెలెకు అని పేరు పెడతాడు. నా తండ్రి రాజు అని ఆ పేరును అర్థం చేసుకోవచ్చు. సింహాసనాన్ని నోటితో కాదన్న మనిషి ఇంట్లోనే దాని మీద ఆశ పెరిగిందన్న సంగతిని వినేవారు తమంతట తాము గమనించేదాకా ఆగాలి.

ఆ తరువాత తొమ్మిదో అధ్యాయం మొత్తాన్ని, 57 వచనాలనూ, బిగ్గరగా చదవాలి. కథ చెప్పే గొంతు ఒకరిది, అబీమెలెకు గొంతు ఒకరిది, యోతాము గొంతు మరొకరిది, చెట్ల మాటలు పిల్లలవి. చదువు రానివారు ఎక్కువగా ఉన్నచోట ఒక్కొక్క భాగం చదివిన తరువాత దానిని చూడకుండా తమ మాటల్లో తిరిగి చెప్పమని ఒక పెద్దమ్మను అడగాలి. ఒగ్గుకథలు, చిందు భాగోతాలు చూసి పెరిగిన తరం అది. చెప్పే తీరు వారికి తెలుసు, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు పెంచాలో వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ సాయంత్రం ఎవరూ వ్యాఖ్యానం చేయకూడదు. ఏమి జరిగింది, ఎవరు ఏమన్నారు, ఎవరు మాట్లాడలేదు అన్న మూడు ప్రశ్నలు చాలు. మూడో ప్రశ్న మీద కొంత సేపు నిలవాలి: ఈ అధ్యాయం మొదటి భాగంలో షెకెము సామాన్యజనం నోరు తెరవరు, వారి తరఫున మేనమామలూ యజమానులూ మాట్లాడతారు.

రెండో సాయంత్రం: బంధుత్వం, వెండి, ఒకే రాయి

ఈ సాయంత్రానికి మొదటి ఆరు వచనాలే చాలు. నాలుగింటిలో ఎక్కువ సమయం ఇవ్వవలసినదీ, ఎక్కువ ధైర్యం కావలసినదీ ఇదే.

అబీమెలెకు తన తల్లి పుట్టింటికి వెళ్తాడు. 70 మంది మిమ్మును ఏలడం మేలా, ఒక్కడు ఏలడం మేలా అని అడుగుతాడు, నేను మీ ఎముకను, మీ మాంసాన్ని అన్న సంగతి జ్ఞాపకం చేసుకోమంటాడు. మేనమామలు ఆ మాటను ఊరంతా మోసుకుపోతారు. ఇతడు మన సహోదరుడే అనుకుని వారి హృదయం అతని వైపు తిరుగుతుంది. అతని పనితనం గురించి గాని నీతి గురించి గాని ఒక్కరు అడిగినట్లు రాయబడలేదు. ఇక్కడ ఆగి అడగవలసిన ప్రశ్న ఇది: మన ఊళ్లో మనవాడు అన్న ఒక్క మాటతో ముగిసిపోయే చర్చలు ఏవి? ఈ ప్రశ్న అడిగితే మాల, మాదిగ మాట వచ్చి తీరుతుంది. ఎస్సీలను మూడు వర్గాలుగా విభజిస్తూ తెలంగాణలో చేసిన చట్టం 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు 2024 ఆగస్టు 1న అలాంటి వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మూడు దశాబ్దాల ఉద్యమం తరువాత న్యాయం జరిగిందని ఒక ఇంట్లో సంతోషం, మాకు నష్టం జరిగిందని పక్క ఇంట్లో బాధ, రెండు ఇళ్లవారూ ఒకే ప్రభువు బల్లకు వచ్చేవారు. ఆ చట్టం మంచిచెడ్డలను ఈ కూటంలో తేల్చనవసరం లేదు. అయితే ఒక వాటా న్యాయమైనదా కాదా అని అడగడం వేరు, మనవాడు కనుక ఏమి చేసినా సరే అనడం వేరు. ఈ తేడాను వాక్యం ఎదుట అందరూ కలిసి పలకగలిగితే ఆ సాయంత్రం వృథా కాలేదు.

నాలుగో వచనం దగ్గరికి వచ్చినప్పుడు స్వరం తగ్గించి నెమ్మదిగా చదవాలి. షెకెము యజమానులు బయల్బెరీతు అనే దేవుని గుడిలో నుండి 70 తులముల వెండి తెచ్చి ఇస్తారు. దానితో అతడు పనీపాటా లేని అల్లరిమూకను కూలికి పెట్టుకుని, ఒఫ్రాలోని తండ్రి ఇంటికి వెళ్లి, తన సహోదరులైన 70 మందిని ఒకే రాయి మీద చంపుతాడు; ఆ తరువాత షెకెమువారు అతణ్ణి రాజును చేస్తారు. 70 మంది ప్రాణాలకు 70 తులములు, మనిషికి ఒక తులము. ఈ లెక్కను నేలమీద బియ్యపు గింజలతో పేర్చి చూపిస్తే పిల్లలు కూడా మరిచిపోరు: ఒక పక్క 70 గింజలు, ఇంకొక పక్క 70 గింజలు, నడుమ ఒక రాయి.

అప్పుడు మన సంగతి. మునుగోడు ఉప ఎన్నిక 2022 నవంబరు 3న జరిగింది. 93 శాతం దాకా పోలింగు జరిగింది, డబ్బు పంపిణీ ఆరోపణలు దేశమంతటా చర్చకు వచ్చాయి. ఆ ఒక్క చోటనే ఇది జరుగుతుందని ఎవరూ అనుకోవడం లేదు. ఇక్కడ చాలామంది బోధకులు నోటు తీసుకున్న పేదరాలిని ముందుగా గద్దిస్తారు. కథ క్రమం అలా లేదని నా అభిప్రాయం. వెండి ఇచ్చినవారు యజమానులు, అది వచ్చినది గుడి నిధిలో నుండి. కనుక ప్రశ్న కూడా అదే క్రమంలో పోవాలి. సంఘం పేరిట ఎవరైనా ఏదైనా అడిగారా? మైకు సెట్టు, రేకుల షెడ్డు, స్మశానానికి దారి, వీటిలో ఏది హక్కుగా పంచాయతీని అడగదగినది, ఏది ఓట్లకు బదులుగా అభ్యర్థిని అడిగినది? ఈ జాబితాను సంఘపెద్దలు ముందు తమ నోటితో చెప్పాలి. వారు చెప్పిన తరువాతే నిర్గమకాండము 23:8 చదవాలి, లంచం చూపుగలవారికి కూడా గ్రుడ్డితనం కలిగిస్తుందని అక్కడ ఉంది. మరుసటి ఘడియలో ఒక అక్క లేచి, ఆ రెండు వేలతో ఆసుపత్రి అప్పు తీర్చానని చెబితే, ఆమెకు ఎవరూ తీర్పు తీర్చకూడదు. ఆ అప్పు సంఘానికి ముందే ఎందుకు తెలియలేదని సంఘమే తనను తాను అడగాలి.

మూడో సాయంత్రం: చెట్ల కథ

యోతాము గిద్యోను కుమారులలో అందరికంటే చిన్నవాడు, ఆ హత్యలప్పుడు దాగి ప్రాణం దక్కించుకున్నవాడు. అతని దగ్గర సైన్యం లేదు, వెండి లేదు, మేనమామలు లేరు. గెరిజీము కొండకొమ్మున నిలబడి గొంతెత్తి ఒక కథ చెబుతాడు, చెప్పి బెయేరుకు పారిపోతాడు. కళకు విశ్వాసంలో ఉన్న చోటు ఏమిటని అడిగేవారికి నేను ఈ వచనాలు చూపిస్తాను. నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వెళ్లి గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడూ ఇదే జరిగింది: నేరుగా నిందిస్తే తలుపు మూసుకునే మనిషి, కథ వింటూ తానే తీర్పు పలుకుతాడు.

చెట్లు తమకు రాజు కావాలని బయలుదేరుతాయి. ఒలీవ చెట్టు తన తైలాన్ని, అంజూరపు చెట్టు తన తియ్యని పండ్లను, ద్రాక్షావల్లి తన రసాన్ని మానుకుని చెట్ల మీద ఊగులాడడానికి రాలేమంటాయి. ఆఖరున ముండ్లపొద ఒప్పుకుంటుంది, వచ్చి నా నీడను ఆశ్రయించండి, లేకపోతే నాలో నుండి అగ్ని బయలుదేరి లెబానోను దేవదారు చెట్లను కాల్చివేస్తుందని అంటుంది.

ఈ కథను మన నేలమీద మళ్లీ చెప్పించాలి. నల్లగొండ వైపు సంఘమైతే ఒలీవ చెట్టు చోట బత్తాయి చెట్టు నిలుస్తుంది. కొల్లాపూర్ వైపువారు మామిడిని పెడతారు, బాలానగర్ వైపువారు సీతాఫలాన్ని పెడతారు. ముండ్లపొద ఎక్కడైనా ఒక్కటే, సర్కారు తుమ్మ. ఒక కొమ్మ నరికి తెచ్చి చాప మధ్యలో పెట్టండి. వేలెడు పొడవు ముండ్లు కొమ్మ పొడవునా ఉంటాయి, ఆకు చింతాకు కంటే సన్నం, దాని కింద చేయి పెట్టి దీపం పైకెత్తితే అరచేతి మీద నీడ పడినట్లే ఉండదు. పొయ్యిలో మాత్రం అది గట్టిగా మండుతుంది, బొగ్గు కూడా బాగా వస్తుంది. పాలమూరు పిల్లలకు నీడ అంటే పిల్లలమర్రి తెలుసు, ఎకరాలు కప్పిన ఊడల మర్రి. నా నీడకు రండి అని ముండ్లపొద పిలవడం ఎంతటి మోసమో వారికి విడమరచి చెప్పవలసిన పని లేదు.

పిల్లలకు చార్టు కాగితాలు, బొగ్గు ముక్కలు ఇచ్చి నాలుగు చెట్లు గీయమనండి. స్త్రీల సమాజంవారు కోలాటపు పాటగా గాని భజనగా గాని కథను కట్టవచ్చు. పాత తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు వాక్యాన్ని ఈ నేల సంగీతంలో కట్టి ఇచ్చిన సంప్రదాయం మనకు ఉంది. మైకుల మోతలో పార్టీ పాటల వరసలకు ప్రభువు పేరు తగిలించి పాడడం కంటే, డోలకు మీద కొత్తగా కట్టుకున్న చరణం ఎన్నో రెట్లు మేలు.

ఇక్కడ తప్పక ఒక వాదం వస్తుంది. మంచి చెట్లు ఒప్పుకోకపోవడం సరియేనా? ఫలమిచ్చే పని ఏలుబడికంటే గొప్పది కనుక అవి సరిగానే చేశాయని కొందరంటారు. మంచివారు తప్పుకున్నందువల్లనే కదా ముండ్లపొద గద్దెనెక్కిందని మరికొందరు, ముఖ్యంగా సర్పంచి పదవికి పోటీ చేయాలని ఉన్న యువకులు అంటారు. రెండు పక్షాలవారినీ మాట్లాడనివ్వాలి, రెండింటిలోనూ సత్యం ఉంది. నా మట్టుకు నేను 16 నుండి 20 వరకు ఉన్న వచనాలను ప్రమాణంగా తీసుకుంటాను: యోతాము తన కథకు తానే అర్థం చెబుతూ ఒలీవ చెట్టును నిందించడు, షెకెమువారినే నిలదీస్తాడు. మీరు చేసింది యథార్థంగా, సత్యంగా చేశారా, మీ కోసం ప్రాణానికి తెగించి పోరాడినవాని ఇంటికి మీరు చేసిన ఉపకారం ఇదేనా అని అడుగుతాడు. ఎన్నుకునేవారి యథార్థతే ఆయన ప్రశ్న.

సాయంత్రం ముగిసే ముందు యోహాను సువార్తలో రెండు చోట్లు చదవాలి. 6:15లో జనం తనను బలవంతంగా రాజును చేయబోతున్నారని తెలిసి యేసు కొండకు ఒంటరిగా వెళ్లిపోతాడు. 19:2లో సైనికులు ముండ్లతో కిరీటం అల్లి ఆయన తలమీద పెడతారు. చాప మధ్యలో తుమ్మకొమ్మ ఇంకా ఉంటుంది. దానిని ఒకరి చేతి నుండి ఇంకొకరి చేతికి మెల్లగా అందిస్తూ, ఏమీ మాట్లాడకుండా కొంతసేపు ఉండాలి. మీ సంఘం ఎప్పుడైనా మెదకు వెళ్లేటట్లయితే ఈ ధ్యానాన్ని అక్కడ కొనసాగించవచ్చు. కరువుకాలంలో ఆకలిగొన్నవారికి పని, అన్నం కలిగించడానికి చార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టిన ఆ మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. దాని రంగుటద్దాల కిటికీలలో జననం, సిలువ, ఆరోహణం చిత్రించి ఉన్నాయి. ఎక్కువమంది అక్కడ ఫోటో తీసుకుని కదిలిపోతారు. సిలువ కిటికీ ఎదుట ఒక పావుగంట కూర్చుని, ఎండ జరిగేకొద్దీ రంగులు ఎలా మారుతున్నాయో చూసి, ఆ తరువాత యోహాను 19వ అధ్యాయం చదవమని నా సలహా.

నాలుగో సాయంత్రం: ముగింపు దాకా చదవడం

22 నుండి 57 వరకు ఉన్న భాగాన్ని సంఘాలలో దాదాపుగా ఎవరూ బోధించరు, కాని తీర్పు అంతా ఇక్కడే ఉంది. మూడేళ్లు గడుస్తాయి. రాజుకూ యజమానులకూ చెడుతుంది. గాలు అనేవాడు కొత్తగా వస్తాడు, ద్రాక్షపండ్ల పండుగలో, గుడిలో, తిని తాగి అబీమెలెకును తిడతారు. గాలు కూడా షెకెము మూలపురుషుని వంశం పేరే ఎత్తుతాడు. అంటే మొదటివాణ్ణి గద్దెనెక్కించిన మాటతోనే రెండోవాడూ వచ్చాడు. ఊరు ఏమీ నేర్చుకోలేదు. ఈ ఒక్క సంగతి మీద పావుగంట మాట్లాడుకోవచ్చు.

తరువాత అబీమెలెకు పొలాలకు వెళ్తున్నవారిని చంపుతాడు, పట్టణాన్ని పడగొట్టి ఉప్పు చల్లిస్తాడు. షెకెము గోపురంలోనివారు గుడి కోటలో దాగుకుంటే, కొండమీద కొమ్మలు నరికి మోసుకువచ్చి నిప్పు పెట్టిస్తాడు. సుమారు వెయ్యిమంది స్త్రీపురుషులు చనిపోతారు. ముండ్లపొదలో నుండి అగ్ని అన్న మాట అక్షరాలా నెరవేరింది, అదీ ఏ దేవుని గుడి వెండితో అతణ్ణి లేపారో ఆ గుడి నీడలోనే. చివరికి తేబేసులో పేరు తెలియని ఒక స్త్రీ తిరుగటి పైరాయి అతని తలమీద వేస్తుంది. స్త్రీ చంపిందన్న మాట రాకూడదని అతడు తన ఆయుధాలు మోసేవానితో పొడిపించుకుంటాడు. కాని రెండో సమూయేలు 11వ అధ్యాయంలో దావీదు సేనాధిపతి యోవాబు ఆ సంగతిని తలచుకున్నప్పుడు స్త్రీ చేతి రాయినే గుర్తు చేసుకుంటాడు.

నడిపించేవారు ఇక్కడ ఒక ప్రమాదం గమనించాలి. దేవుడు దుష్టునికి ప్రతిఫలం ఇచ్చాడన్న 56వ వచనం వినగానే ప్రతివారికీ ఎదుటి పార్టీ గుర్తుకు వస్తుంది. 57వ వచనం షెకెమువారి చెడుతనాన్ని కూడా అదే దేవుడు వారి తలమీదికి రప్పించాడని చెబుతుంది. రెండింటినీ ఒకే ఊపిరిలో చదవాలి. ఆ వెయ్యిమందిలో వెండి ఇవ్వనివారు, మేనమామల మాట వినడం తప్ప ఏ పాపమూ ఎరుగనివారు, పసిపిల్లలు ఉండి ఉంటారు. వారి కోసం ప్రార్థనలో విలపించడం సరైన ముగింపు. ఆ తరువాత మొదటి తిమోతి 2:1-2 ప్రకారం అధికారులందరి కోసం, గెలిచేవారి కోసం, ఓడేవారి కోసం, పోలింగు కేంద్రంలో డ్యూటీ చేసే ఉపాధ్యాయుల కోసం, పోలీసుల కోసం ప్రార్థించాలి. ఎవరికి ఓటు వేయాలో అప్పటికీ ఎవరూ చెప్పకూడదు. ఓటు రహస్యం, దానికి సమాధానం ఇవ్వవలసినది దేవునికే.

మధ్యలో వచ్చే ఒక కష్టమైన ప్రశ్న

ఏదో ఒక సాయంత్రం ఎవరో ఒకరు కుల సర్టిఫికెట్ల సంగతి ఎత్తుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, ఆ వర్గానికి రిజర్వేషన్ ఒక్క శాతమే. మతం మారిన దళితుల హోదా గురించి పరిశీలించడానికి 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఒక కమిషన్ ఏర్పడింది. పిల్లల చదువు కోసం, కొలువు కోసం కాగితం మీద ఒకటి, ఆదివారం నాడు ఒకటిగా బతకవలసి వస్తున్న కుటుంబాల మనోవేదన మనందరికీ తెలిసినదే. ఈ ప్రశ్నను దాటవేయకూడదు, వేదిక మీద నుండి గద్దించకూడదు కూడా. అంటరానితనం బాప్తిస్మంతో పోలేదని, హోటలులోను బావి దగ్గరా మన అనుభవం సాక్ష్యమిస్తున్నదని ఒప్పుకుంటూనే, సత్యం పలకడానికి ఒక కుటుంబం చెల్లించవలసిన వెలను సంఘం ఎంతవరకు పంచుకోగలదో మాట్లాడాలి. ఒకే కూటంలో అది తేలదు. ఆ కుటుంబాలతో ఇంటి దగ్గర, ఏకాంతంగా కూర్చోవడానికి పెద్దలలో ఇద్దరిని ఏర్పాటు చేయడం మంచిది.

ఫలితాలు వచ్చిన తరువాత

లెక్కింపు ముగిసిన వారంలోనే మరొకసారి కూడాలి. గెలిచినవారి పక్షంవారూ ఓడినవారి పక్షంవారూ ఒకే చాపమీద కూర్చోవడమే సగం పని. 72వ కీర్తన చదివి, దీనులకు న్యాయం తీర్చడం, బాధపెట్టేవారిని అణచడం, దరిద్రులను విడిపించడం అని అక్కడ రాజు పనులుగా ఉన్నవాటిని ఒక కాగితం మీద రాసుకోవాలి. దాని పక్కన మన ఊరి పనులు రాయాలి. మర్రిగూడ, చండూరు వైపు ఊళ్లలోనైతే మొదటి వరుసలో నీళ్లే ఉంటాయి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్లు తరతరాలుగా ఎముకలను వంచిన నేల అది. నల్లాలో కృష్ణా నీళ్లు రోజూ వస్తున్నాయా, రాని నాడు బోరు నీళ్లు తాగుతున్నది ఎవరు, ట్యాంకు ఎప్పుడు కడిగారు అని ఇంటింటికీ అడిగి రాసుకుని, ఆ కాగితాన్ని సంఘం పేరిట కాక ఊరివారందరి సంతకాలతో గ్రామసభలో పెట్టాలి. చెరపట్టబడినవారు తాము ఉంటున్న పట్టణపు క్షేమం కోరమని యిర్మీయా 29:7 చెప్పినది ఆ పట్టణంలోని అందరి క్షేమం గురించి. వలసపోయే కుటుంబాలు ఎక్కువగా ఉన్న పాలమూరు ఊళ్లలో నెహెమ్యా అయిదో అధ్యాయం దీనికి తోడుగా చదవదగినది; పొలాలూ పిల్లలూ తాకట్టు పడిన జనం మొర అక్కడ ఉంది.

అధ్యయనం కొనసాగించాలనుకునే సంఘాలకు మొదటి సమూయేలు ఎనిమిదో అధ్యాయం తరువాతి మెట్టు. రాజు తీసుకుంటాడు, తీసుకుంటాడు అని సమూయేలు హెచ్చరించే ఆ వచనాలను, జాగీర్దార్ల కాలపు వెట్టి గురించి తాతలు చెప్పగా విన్నవారు ఉన్నచోట చదివితే పిల్లలకు వివరణ అక్కరలేదు. భూసేకరణ నోటీసులు అందుకున్న ఊళ్లలోను, శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నచోటను మొదటి రాజులు 21వ అధ్యాయం, అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కాజేసిన కథ, చదవండి. అక్కడ అహాబు, యెజెబెలుల మాటలకు రెండు గొంతులు చాలు. ఉపవాసదినం చాటించి, దొంగసాక్షులను నిలబెట్టి, రాణి ఉత్తరంలో ఉన్నట్లే ఊరి పెద్దలు చేశారని చెప్పే 11వ వచనాన్ని మాత్రం సంఘపెద్దలే నిలబడి చదవాలి.